గార్డెన్ ఈల్‌కు ఎంత లోతు ఇసుక కావాలి?

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్లుగా 300 లీటర్ల రీఫ్ అక్వేరియం నడుస్తోంది. అందులో పగడాలు, రెండు క్లౌన్ చేపలు, ఇసుకను నోటితో జల్లించే గోబీ ఒకటి ఉన్నాయి. అడుగున ఇసుక 5 సెంటీమీటర్ల మందాన ఉంటుంది. చుక్కల గార్డెన్ ఈల్ ఒక జత తెచ్చి ఇందులో వదలాలని ఉంది. ఇసుకను ఎంత పెంచితే సరిపోతుంది?

జవాబు: ఇప్పుడున్న ట్యాంకులో వదలవద్దని ముందుగానే చెబుతున్నాను. మూడేళ్లు పగడాలను నిలబెట్టుకున్నారంటే మీ నీటి నిర్వహణ బాగానే ఉందన్నమాట. చిక్కు వేరే చోట ఉంది. మీ ట్యాంకును రాళ్లను ఆశ్రయించి బతికే జీవుల కోసం అమర్చారు; గార్డెన్ ఈల్ మాత్రం పగడపు దిబ్బ అంచు దాటాక పరుచుకునే ఇసుక మైదానంలో, నీరు ఎప్పుడూ పారుతూ ఉండే చోట, వందల సంఖ్యలో గుంపుగా నిలబడి బతికే చేప.

ఎర్ర సముద్రం మొదలుకొని పసిఫిక్ దీవుల దాకా కనిపించే ఈ చుక్కల రకానికి 1959లో ఆస్ట్రియా దేశపు సముద్ర పరిశోధకుడు హన్స్ హాస్ పేరు మీదుగా హెటెరోకాంగర్ హస్సి అని శాస్త్రనామం పెట్టారు. ఇది 40 సెంటీమీటర్ల పొడవు పెరిగినా లావు మాత్రం చిటికెన వేలికి మించదు. గట్టిగా ఉండే తోక కొనను ముందుగా ఇసుకలో గుచ్చి, ఒళ్లు మెలికలు తిప్పుకుంటూ వెనక్కి దిగిపోతుంది. దాని ఒంటి నుంచి ఊరే జిగురు ఇసుక రేణువులను పట్టి ఉంచడం వల్ల బొరియ గోడ కూలిపోకుండా నిలుస్తుంది. మేత పట్టేటప్పుడు కూడా ఒంటిలో కొంత భాగం లోపలే ఉంటుంది, భయపడితే తలతో సహా మొత్తం లోపలికి జారిపోతుంది. కనుక ఇసుక 20 సెంటీమీటర్లకు తగ్గకూడదు. 25 నుంచి 30 ఉంటే మేలు. రవ్వలాంటి సన్నని ఇసుకలో కొంచెం ముతకది కలిపితే బొరియ బాగా నిలుస్తుంది.

ఇక లెక్క చూడండి. మీ ట్యాంకు 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు అనుకుంటే, మరో 20 సెంటీమీటర్లు పెంచడానికి 100 లీటర్ల ఇసుక, అంటే సుమారు 150 కిలోలు పడుతుంది. స్టాండు ఆ బరువు మోయాలి, పైన నీటి ఎత్తు అంతమేరా తగ్గుతుంది, ఇప్పటికే ఉన్న రాళ్లు సగం పూడిపోతాయి. ఇసుక మీద నిలిపిన రాళ్లయితే మరీ ప్రమాదం, ఎందుకంటే ఈల్ వాటి కిందికి తొలిచినప్పుడు రాయి ఒరిగి దాన్ని నలిపేస్తుంది. రాళ్లు ఎప్పుడూ అడుగు అద్దం మీద ఆని ఉండాలి, ఇసుక తర్వాత పోయాలి. మీ గోబీ రోజంతా ఇసుకను తిరగేస్తుంది కనుక దానికీ ఈల్‌కూ ఒకే ఇల్లు కుదరదు. ఇసుకలో దూరి పడుకునే రాస్ చేపలు, ట్రిగ్గర్ చేపలు, మోరే ఈల్‌లు కూడా పనికిరావు.

జత అన్నారు, రెండే ఉంటే అవి బెదురుతో ఎక్కువసేపు లోపలే గడుపుతాయి. ఐదారు ఉంటే ఒకదాన్ని చూసి ఒకటి బయటికి వస్తుంది. అయితే పక్కపక్కనే బొరియలు పడితే కొరుక్కుంటాయి కాబట్టి విశాలమైన నేల కావాలి. నా సలహా ఏమిటంటే, పగడాల ట్యాంకును అలాగే ఉంచి, రాళ్లు తక్కువగా, నేల ఎక్కువగా ఉండే ట్యాంకును వీటికోసమే కట్టండి. అందులో నీరు ఒక వైపు నుంచి మరో వైపుకు నెమ్మదిగా, వెడల్పుగా సాగాలి. రెండు వేవ్‌మేకర్లు (అలలు పుట్టించే పంపులు) వంతులవారీగా ఎదురెదురుగా కొడితే ఈల్ ఎటు తిరిగి నిలబడాలో తెలియక దిగిపోతుంది. పంపు నోటికి స్పంజి తొడుగు వేయండి.

మూత సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నా మొదటి గుంపులో ఒకటి, వదిలిన రాత్రే, వైర్ల కోసం మూత మూలన ఉంచిన వేలు పట్టే సందులోంచి దూకి, తెల్లవారేసరికి నేల మీద ఎండిపోయి కనిపించింది. బొరియ కుదరని మొదటి రాత్రుల్లో ఇవి ట్యాంకంతా ఈదుతాయి. ఆ సందు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. మీరు మాత్రం ఒక్క సందూ వదలకండి.

ప్రశ్న: మా గార్డెన్ ఈల్‌లు రోజుకు రెండుసార్లు మేత వేస్తున్నా చిక్కిపోతున్నాయి. తినడం కళ్లారా చూస్తున్నాను. కారణం ఏమిటి?

జవాబు: తింటున్నాయి గానీ చాలినంత తినడం లేదు. ఒకసారి దగ్గరగా కూర్చుని గమనించండి. ఈల్ ముందుగా కన్ను తిప్పి, కొట్టుకువచ్చే ఒక్క రేణువును ఎంచుకుంటుంది, మెడను కొక్కెంలా వంచుతుంది, అది నోటి ముందుకు వచ్చాకే అందుకుంటుంది. దాటిపోయినదాన్ని వెంటాడదు, కింద పడినదాన్ని ఏరుకోదు. సముద్రంలో ఇలా పగలంతా ఒక్కొక్కటిగా తింటుంది. రెండుసార్లు గుప్పున పోసిన మేతలో చాలా భాగం దాన్ని దాటి ఫిల్టరులోకి పోతుంది, లేదా చురుకైన చేపలు ముందే మింగేస్తాయి.

రోజుకు ఐదారుసార్లు, కొంచెం కొంచెంగా, నీరు వచ్చే వైపు నుంచి వదలండి. కోపీపాడ్‌లు, సన్నగా తరిగిన మైసిస్, అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్లలు, అంటే రొయ్యల జాతికి దగ్గరి చిన్న నీటి జీవులు, బాగా పనిచేస్తాయి. ఆర్టీమియా పిల్లలు గంటలు గడిచేకొద్దీ తమలోని పచ్చసొనను ఖర్చు చేసుకుని సారం కోల్పోతాయి కాబట్టి, నిలవ ఉంచితే పోషక ద్రావణంలో నానబెట్టాలి. ఉద్యోగానికి వెళ్లేవారు చల్లని పాత్ర నుంచి చిన్న పంపు ద్వారా చుక్కచుక్కగా మేత అందే ఏర్పాటు చేసుకోవచ్చు. ఇంత మేత పడితే నైట్రేటు పెరగడం ఖాయం. నీటిలోని మలినాలను నురగతో లాగేసే ప్రోటీన్ స్కిమ్మర్ పెద్దది పెట్టండి, వారం వారం నీరు మార్చండి. ఒంటికి పొలుసులు లేని చేప కనుక, చిక్కింది గదా అని ముందే పరాన్నజీవులను చంపే రాగి మందుల జోలికి వెళ్లకండి.

ప్రశ్న: వదిలి ఐదు రోజులైంది, ఒక్కటీ కనిపించడం లేదు. ఇసుక తవ్వి చూడమంటారా?

జవాబు: తవ్వకండి. బొరియ కూలితే మళ్లీ మొదటికి వస్తుంది, పైగా లోతైన ఇసుకను కెలికితే అడుగున చేరిన విషవాయువు నీటిలో కలిసే ప్రమాదం ఉంది. దీపాలు తగ్గించి, ట్యాంకు పక్క అద్దాలకు ముదురు కాగితం అంటించి, మేత మాత్రం వేళకు వదులుతూ ఉండండి.

ఈ బెదురు పాత గుంపులకూ వస్తుంది. 2020లో కరోనా వల్ల టోక్యోలోని సుమిడా అక్వేరియం కొంతకాలం మూతపడి సందర్శకులు రాకపోవడంతో, అక్కడి సుమారు 300 గార్డెన్ ఈల్‌లు మనుషులను మరిచి, సిబ్బంది అటుగా నడిచినా ఇసుకలో దాక్కోవడం మొదలుపెట్టాయి. చివరికి ఆ మే నెలలో ట్యాంకు ముందు టాబ్లెట్లు నిలిపి, వీడియో కాల్‌లో ముఖం చూపించమని ప్రజలను కోరారు. మీరూ రోజూ ఒకే వేళకు, ఒకే చోట, కదలకుండా కాసేపు కూర్చోండి. ముందుగా ఇసుకలో రెండు కళ్లు మాత్రమే కనిపిస్తాయి. అప్పుడు అద్దం దగ్గరికి వంగకండి.