చెయ్యగలిగినంతే మాటివ్వు

చిన్నీ,

నీ స్నేహితురాలికి క్యాన్సర్‌కి కీమో మందు ఎక్కించడం మొదలవుతోందని, అంతా నువ్వే చూసుకుంటానని మాటిచ్చావని మీ అమ్మ చెప్పింది. నీ మనసు తెలిసినదాన్ని, గర్వపడ్డాను. నీ తొందర కూడా తెలిసినదాన్ని, అందుకే ఈ ఉత్తరం.

ఉద్యోగం, చంటిపిల్ల ఉన్నదానివి. మొదటి నెల రోజూ వెళ్లి, మూడో నెలకల్లా ఫోను కూడా చెయ్యలేకపోయావనుకో, అసలు గడప తొక్కనివాళ్లకంటే నువ్వే ఆమెను ఎక్కువ బాధపెట్టినదానివవుతావు. తానే బరువైపోయాననుకుంటుంది. కాబట్టి ఇచ్చిన మాటను ఇప్పుడే తగ్గించుకో. వారానికి ఒక రోజు, రెండు గంటలు. ఏడాది తర్వాత కూడా చెయ్యగలననుకున్నదే ఒప్పుకో.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది, నువ్వూ ఇప్పటికే చేసుంటావు: "ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగు" అనడం. ప్రేమతో అనే మాటే. కానీ అడగడమంటే ఎంత పనో చూడు. ఏ పని మిగిలిందో గుర్తుకు తెచ్చుకోవాలి, అది ఎవరికి చెప్పొచ్చో ఆలోచించాలి, ఆ టైముకి నీకు కుదురుతుందో లేదో ఊహించాలి, నువ్వు కుదరదంటే చిన్నబుచ్చుకోకుండా ఉండాలి. కీమోలో చాలామందికి మతిమరుపు, ఏదీ కుదురుగా ఆలోచించలేకపోవడం కూడా ఉంటాయి. అలాంటి మనిషి చేత జాబితా రాయించకు. అవును, కాదు అంటే సరిపోయేలా అడుగు: "మంగళవారం బాబును బడి నుంచి నేనే తీసుకొచ్చి, హోంవర్క్ చేయించి, ఏడింటికి దింపుతాను. సరేనా?" వద్దంటే నొచ్చుకోకు, వచ్చే వారం ఇంకో పని చెప్పి చూడు. వంట చేసి తెచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆసుపత్రి బిల్లులన్నీ తేదీల వారీగా ఫైలు చేసేవాళ్లు, బీమా ఆఫీసుకు ఫోను చేసి లైన్లో కూర్చునేవాళ్లు, దుప్పట్లు ఉతికి ఆరేసేవాళ్లు దొరకరు. నువ్వు ఆ పనులు పట్టుకో. వంట తీసుకెళ్లాల్సి వస్తే వేడిగా, కొంచెంగా, తిరిగివ్వక్కర్లేని డబ్బాలో తీసుకెళ్లు. నోట్లో ఇనుము రుచి తగులుతోందంటే ప్లాస్టిక్ చెంచా ఇవ్వు.

కీమో తేదీలు ముందే రాసుకో. మూడు వారాలకోసారి ఎక్కిస్తుంటే సాధారణంగా మొదటి వారం వికారం, నీరసం ఉంటాయి. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. మూడో వారం కాస్త తేరుకుంటారు. మొదటి వారం పనులు చేసిపెట్టు, కబుర్లు మూడో వారానికి దాచుకో. ముక్కు కారుతున్నా, పాపకు జలుబుగా ఉన్నా ఆ గుమ్మం ఎక్కకు. సెంటు రాసుకుని వెళ్లకు, వాసనకే వాంతి వస్తుంది.

ఇదొక్కటి మాత్రం ఒట్టేసి చెప్పు. జ్వరం 100.4 డిగ్రీలు చూపించిందంటే, అర్ధరాత్రి అయినా వెంటనే ఆసుపత్రికి ఫోను చెయ్యాలి. ఇన్ఫెక్షన్‌తో పోరాడే కణాలు తక్కువున్నప్పుడు కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరును అడగకుండా జ్వరం మాత్ర వేస్తే వేడి తగ్గి, అసలు ప్రమాదం కనబడకుండా పోతుంది. తెల్లారాక చూద్దాంలే అనుకునే ఇళ్లను తలుచుకుంటేనే నాకు భయం. ఆసుపత్రివాళ్ల రాత్రి నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించు. థర్మామీటరు లేకపోతే నువ్వే కొనిపెట్టు.

ఎవరో చెప్పారని మూలికలు, పసర్లు తీసుకెళ్లకు. కొన్ని మూలికలు కీమో మందు పనిచేసే తీరునే మార్చేస్తాయి. "ధైర్యంగా ఉండాలి" అని కూడా అనకు. అలా అంటే భయమేసినప్పుడు నీతో చెప్పుకోవడం మానేస్తుంది. మెసేజ్ పెట్టినప్పుడల్లా చివర "జవాబు రాయక్కర్లేదు" అని చేర్చు. ఆమె ఏడిస్తే ఏడవనివ్వు, పక్కన కూర్చో. నీకు ఏడుపొస్తే ఇంటికొచ్చి నాకు ఫోను చెయ్యి, ఆమె ముందు వద్దు తల్లీ.

ఆమె భర్తను మరిచిపోకు. అందరూ ఆమె గురించే అతన్ని అడుగుతారు. నువ్వు అక్కడున్న రెండు గంటలూ అతన్ని బయటికి పంపించు, నిద్రపోతానంటే నిద్రపోనివ్వు.

ఇక అసలు సంగతి. ఆఖరి కీమో అయ్యాక అందరూ అభినందనలు చెప్పి వెళ్లిపోతారు. చాలామందికి కష్టం అక్కడే మొదలవుతుంది. నీరసం నెలల తరబడి వదలదు. ఆసుపత్రికి వెళ్లడం తగ్గేకొద్దీ తిరగబెడుతుందేమోనన్న భయం పెరుగుతుంది, ప్రతి చెకప్‌కి ముందు వారం నిద్ర పట్టదు. ఆ తేదీలన్నీ నీ ఫోనులో పెట్టుకో. రిపోర్టు వచ్చేదాకా ఎదురుచూసే రోజున ఆమె పక్కనుండు. మంగళవారాలు మాత్రం మానకు.

ఈ వారమే ఆమె భర్తను అడిగి కీమో తేదీలు రాసుకో, ఒక కాపీ నాకూ పంపు. నీకు కుదరని మంగళవారం నేను వెళ్తాను. ముందురోజు చెబితే చాలు.

మీ పెద్దమ్మ