ఇంట్లో పెట్టుకున్న వాతావరణ పరికరం రీడింగుల్ని వెబ్ పేజీగా చేసే వీవెక్స్ (WeeWX) సాఫ్ట్‌వేర్ పేజీలో నంబర్ల బదులు డాలర్ గుర్తులు వస్తున్నాయి, రోజు వాన లెక్కేసే స్క్రిప్టు కూడా పెట్టాలి, ఎట్టా?

మీరు ఆ టెంప్లేట్ ఫైల్‌ని (నంబర్లు రావాల్సిన చోట ట్యాగులు పెట్టిన నమూనా పేజీ) నేరుగా హోస్టింగ్‌లోకి ఎక్కించేసినట్టున్నారు, అందుకే టెంపరేచర్ ఉండాల్సిన చోట డాలర్ కరెంట్ అవుట్‌టెంప్ అని అట్టాగే కనపడతా ఉంది. నేనూ మొదట్లో ఇదే చేసి రెండు రోజులు హోస్టింగోళ్లని తిట్టుకున్నా, పాపం వాళ్లకేం సంబంధం లేదు. ఆ ట్యాగుల్ని నంబర్లుగా మార్చేది వెబ్‌సైట్ కాదండీ, మీ ఇంట్లో వీవెక్స్ నడిచే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్. టెంప్లేట్‌ని అక్కడ స్కిన్ ఫోల్డర్లో (పేజీ రూపం ఫైళ్లుండే చోటు) పెట్టి, అందులోనే ఉండే స్కిన్ డాట్ కాన్ఫ్ (skin.conf) అనే సెట్టింగుల ఫైల్లో చీతా జెనరేటర్ (CheetahGenerator) కింద టుడేట్ (ToDate) అని ఉంటది, అందులో దాని పేరు రాయండి, ఇక వీవెక్సే పేజీ తయారుచేసి పంపిస్తది. మామూలుగా 5 నిమిషాలకోసారి, కాబట్టి సేవ్ చేసీ చేయంగానే రిఫ్రెష్ కొట్టి కంగారు పడబాకండి. పేజీలో తెలుగు అక్షరాలు మాయమైతే ఎన్‌కోడింగ్ దగ్గర స్ట్రిక్ట్ ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలే ఉంచేది) అని ఉందేమో చూసి యూటీఎఫ్8 పెట్టండి.

ఇక వాన స్క్రిప్టు. మాది కావలి, మనకి పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే, అవీ ఎక్కువగా రాత్రిపూటే దంచుతాయి కదా. వీవెక్స్‌లో రోజు వాన అర్ధరాత్రికి సున్నా అయిపోద్ది, వాతావరణ శాఖ వాళ్లేమో పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా లెక్కేస్తారు. అందుకని వాళ్ల లెక్కతో మన లెక్క ఎప్పుడూ కలవదు, ఒకే వాన సగం నిన్నటి ఖాతాలో పడిపోద్ది. నేను వీవెక్స్ డేటాబేస్‌లో రీడింగులు దాచే ఆర్కైవ్ టేబుల్ నుంచి 8:30 తర్వాతి రికార్డుల వాన కూడే చిన్న స్క్రిప్టు పైథాన్‌లో రాసి పేజీలో పెట్టా. 8:30 టైముతో ఉన్న రికార్డు దానికి ముందు 5 నిమిషాలది, దాన్ని కలపబాకండి.

పెట్టిన మొదటి తుఫాను రోజే పరువు పోయింది. మా వీధిలో రొయ్యల గుంటలున్న ఆయన, ఎక్కువ వాన పడితే గుంటలో ఉప్పు తగ్గిద్దని రోజూ నా పేజీ చూస్తాడు, ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి "ఏంది సామీ, రాత్రంతా కుమ్మేస్తే నీ మిషన్ 2.6 మిల్లీమీటర్లు అంటంది?" అన్నాడు. వాన కొలిచే గేజ్‌లో చెత్త పడిందేమోనని గొడుగేసుకుని మిద్దెక్కా, చూస్తే బాగానే ఉంది. తర్వాత వెలిగింది, డేటాబేస్ డిఫాల్ట్‌గా అమెరికా యూనిట్లలో దాచుకుంటది, అది 2.6 అంగుళాలు! అంటే 66 మిల్లీమీటర్లు. టెంప్లేట్ ట్యాగులు యూనిట్లు అవే మార్చుకుంటాయి, మనం నేరుగా టేబుల్ నుంచి లాగితే మనమే 25.4తో గుణించాలి. మొదలుపెట్టేటప్పుడే కాన్ఫిగ్‌లో మెట్రిక్‌డబ్ల్యూఎక్స్ (METRICWX) అని పెట్టుకున్నోళ్లకి ఈ బాధ లేదు, మధ్యలో మాత్రం మార్చబాకండి, ఉన్న డేటాబేస్‌కి అది ఒప్పుకోదు.

ఇంకొకటి, రాస్‌బెర్రీ పైలో టైమ్‌జోన్ ఆసియా కోల్‌కతా ఉందా లేదా చూసుకోండి. యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ సమయం) వదిలేస్తే స్క్రిప్టుకి 8:30 అంటే మనకి మధ్యాహ్నం 2 గంటలు. ముందు టెంప్లేట్ సంగతి తేల్చుకోండి, నంబర్లు కనపడ్డాక స్క్రిప్టు కావాలంటే కింద అడగండి, పెడతా.