ర్యాంకులు వేసే ముందు ఒక మాట

చి. చిన్నాకు, మామయ్య ఆశీస్సులు.

ఆదివారం మారతహళ్లిలో మీ పీజీ హాస్టల్ కుర్రాళ్లంతా కూర్చుని, పుట్టుకతోనే వింత శక్తులున్న మ్యూటెంట్ల కథలు చెప్పే ఎక్స్‌మెన్ సినిమాలకి ర్యాంకులు తేలుస్తారనీ, నన్ను పెద్దమనిషిగా రమ్మనీ ఫోన్ చేశావు. జయనగర్ నుంచి సిల్క్‌బోర్డు దాటుకుని రావడం ఈ మోకాళ్లతో నా వల్ల కాదురా. కానీ బ్రిగేడ్ రోడ్డు రెక్స్‌లో సినిమా చూసి, బయట టీ కొట్టువాడు విసుక్కునేదాకా వాదించుకున్న బ్యాచ్ మాది. అందుకే రాస్తున్నా.

ముందు లెక్క తేల్చండి. 2000లో వచ్చిన మొదటిదాని నుంచి 2020 న్యూ మ్యూటెంట్స్ దాకా ఫాక్స్ స్టూడియో వరసలో 13 సినిమాలు. 2019లో డిస్నీ ఫాక్స్‌ని కొనేసింది. 2024లో వచ్చిన డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్ మార్వెల్ స్టూడియోస్ తీసింది. దాన్ని కలుపుతారా లేదా అన్నది మొదట్లోనే తేల్చకపోతే సగంలో ఎవడో ఒకడు లేచి గొడవ మొదలెడతాడు. నన్నడిగితే వద్దంటాను.

కలెక్షన్ల మాట ఎత్తనివ్వకు. మనవాళ్లకి అదో జబ్బు, సినిమా ఎలా ఉందిరా అంటే ఎంత వసూలు చేసిందో చెబుతారు. అందులో మనకేమైనా వాటా ఉందా? ఇంకో షరతు కూడా పెట్టు. ఏ సినిమాకి ర్యాంకు ఇచ్చినా, అది ఆ చోట ఎందుకుందో ఒక్క సీను చూపించి చెప్పాలి. 'మేకింగ్ అదుర్స్' అంటే కుదరదు.

నేనైతే 2003లో వచ్చిన రెండోదాన్ని పైన పెడతాను. వైట్‌హౌస్ మీద దాడితో మొదలవుతుంది చూడు, అందరూ దాని గురించే చెబుతారు. నాకు మాత్రం బాబీ అనే మ్యూటెంట్ కుర్రాడి ఇంటి సీను కావాలి. తనకున్న శక్తి సంగతి ఇంట్లో బయటపెడతాడు. కప్పు ముట్టుకుంటే టీ గడ్డకట్టిపోతుంది, పిల్లి వచ్చి ఆ గడ్డని నాకుతుంది. అప్పుడు వాళ్లమ్మ, ఇది మానుకోవడానికి ప్రయత్నించావా అన్నట్టు అడుగుతుంది. ఈలోగా తమ్ముడు పైకెళ్లి పోలీసులకి ఫోన్ చేస్తాడు. అక్కడ ఫైటింగూ లేదు, గ్రాఫిక్సు కూడా అంతంతమాత్రం. కులం కాని పిల్లని ప్రేమించాననో, ఇంజనీరింగ్ మానేస్తాననో ఇంట్లో చెప్పినవాడెవడైనా మీ గదిలో ఉంటే ఆ సీను వాడికి వేరే వివరించక్కర్లేదు.

వాదన బాగా రక్తి కట్టాలంటే 2006 లాస్ట్ స్టాండ్‌నీ, 2019 డార్క్ ఫీనిక్స్‌నీ పక్కపక్కన పెట్టు. రెండింటికీ మూలం 1980 నాటి కామిక్ కథ ఒకటే. మొదటిదాని రచయితల్లో ఒకడైన సైమన్ కిన్‌బెర్గే రెండోది రాసి, డైరెక్షన్ కూడా చేశాడు. రెండుసార్లూ జీన్ అనే మ్యూటెంట్ అమ్మాయి ఫీనిక్స్‌గా మారి అదుపు తప్పుతుంది. 2006లో మ్యూటెంట్ల శక్తులు పోగొట్టే మందు కథ, ఫీనిక్స్ కథ ఒకే సినిమాలో కుక్కేశారు, నిజమే. అయినా ఆ జీన్‌ని అప్పటికే రెండు సినిమాల్లో చూశాం, మిగతావాళ్ల కోసం ప్రాణమివ్వడం కూడా చూశాం. 2019 నాటికి సోఫీ టర్నర్ జీన్‌గా కనిపించింది అంతకుముందు అపోకలిప్స్ ఒక్కదాంట్లోనే. పరిచయమే లేని పిల్ల చెడిపోయిందంటే మనకెందుకు బాధ కలుగుతుంది? ఈ ప్రశ్న వేసి ఊరుకో, వాళ్లే కొట్టుకుంటారు.

2014 డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్ చివర్లో కాలం మారిపోయి, లాస్ట్ స్టాండ్‌లో చచ్చిపోయిన జీన్, ఆమె ప్రియుడు స్కాట్ బతికే ఉంటారు కాబట్టి లాస్ట్ స్టాండ్ లెక్కలోకి రాదని ఒకడు తప్పకుండా అంటాడు. తెలివైన వాదనే, కానీ ఒప్పుకోకు. కథలో చెరిపేస్తే మనం కొన్న టిక్కెట్టు చెరిగిపోదు కదా.

2009 వుల్వరిన్ మీద టైమ్ వేస్ట్ చెయ్యొద్దు. మాటకారి డెడ్‌పూల్‌కి నోరు కుట్టేసినవాళ్లతో వాదనేమిటి!

ఎవడు ఏది మొదట చూశాడో, ఏ వయసులో చూశాడో కూడా అడుగు. 2011 ఫస్ట్ క్లాస్‌తో మొదలుపెట్టినవాడికి విలన్ మాగ్నెటో అంటే ఫాస్‌బెండరే, మాలాంటివాళ్లకి మెక్‌కెలన్. అది తెలిస్తే సగం తగువులు పుట్టవు. ఎవడైనా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే నవ్వేసి పక్కవాడికి వంతు ఇచ్చెయ్. తమిళ కుర్రాడొకడు, కన్నడ కుర్రాడొకడు ఉన్నారన్నావు, వాళ్లని ముందు మాట్లాడనివ్వు. మన గుంపు తెలుగులోకి దిగిందంటే వాళ్లు ఫోన్లు తీసి కూర్చుంటారు.

2017 లోగన్ వంతు మాత్రం ఆఖర్న పెట్టు. సూపర్‌హీరో సినిమా అయ్యుండి స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుంది, యానిమేషన్ కానివాటిలో అదే మొదటిదని అందరికీ తెలుసు. ముందే దాని జోలికి వెళ్తే మిగతావాటి గురించి ఎవడూ నోరు విప్పడు. రెండో నంబరు ఏదైందో రాత్రికి మెసేజ్ పెట్టు.

మీ మామయ్య