సంకెళ్ల బొమ్మ చూసినవారిని ఎందుకు కదిలించడం లేదు?

పంజరంలో చిలక, కాళ్లకు సంకెళ్లు, నోటికి తాళం గీస్తున్నాననీ, చూసినవారు ‘బాగుంది’ అని వెళ్లిపోతున్నారనీ రాశారు. ప్రతీకలతో ఆడవాళ్ల గోడు చెప్పగలమా అని మీ ప్రశ్న. నిక్షేపంగా చెప్పగలం. అయితే మీ ఇంట్లో సంకెళ్లు ఏ గదిలో ఉన్నాయి? ఎవరూ ముట్టుకోని వస్తువును చూసి ఎవరి గుండె కలుక్కుమంటుంది?

నేను శ్రీకాకుళంలో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతాను. మాది పలాస వైపు. మా పిన్నులు, అత్తలు జీడిపిక్కలు కొట్టి ఇల్లు నడిపినవారు. పెంకులోని జీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకున్నా వేళ్లు నల్లబడతాయి, ఆ నలుపు సబ్బుకు పోదు. గోరింటాకు ఎర్రగా పండితే మంచి మొగుడు వస్తాడని ఆ చేతులకే చెబుతారు మళ్లీ! నేను పెళ్లికూతురి రెండు అరచేతులు గీశాను. నడుమ గోరింటాకు చందమామ, వేళ్ల కొసలు మాత్రం నలుపు. ముఖం వేయలేదు. ప్రదర్శనలో ఒక పెద్దాయన చందమామ బాగా కుదిరిందని మెచ్చుకుని, ఆ వేళ్లకు ఏమైనా జబ్బా అని అడిగారు. పక్కనే నిలబడ్డ ఆడవాళ్లలో ఇద్దరు తమ చేతులు కొంగు కిందికి లాక్కున్నారు. వారికి నేను ఏమీ వివరించలేదు.

మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో పేరు మీరూ ప్రస్తావించారు. డీగో రివేరాతో విడాకుల తరువాత 1940లో ఆమె మగవాళ్ల సూటు తొడుక్కుని, చేతిలో కత్తెరతో, చుట్టూ తెగిపడిన జుట్టుతో తన బొమ్మ తానే వేసుకుంది. మెక్సికోలో అది ధిక్కారం. అదే బొమ్మ ఇక్కడ గీస్తే ఒకరికి తిరుపతి మొక్కు గుర్తొస్తుంది, మరొకరికి భర్త పోయిన ఆడదానికి గుండు చేయించిన రోజులు. ఆమె దగ్గర ధైర్యం అప్పు తెచ్చుకోండి, జుట్టు వద్దు. 1935 నాటి ఇంకో చిత్రంలో ఒకడు ప్రియురాలిని పొడిచి చంపి, చిన్న చిన్న గాట్లేగా అన్న వార్తను తీసుకుని, నెత్తుటి మరకలను చట్రం మీదికి కూడా పాకించింది. అంత బాహాటంగా వేసే వెసులుబాటు మనలో చాలామందికి లేదు. గుర్తులతో లాభం కూడా అక్కడే ఉంది. నా గోరింటాకు బొమ్మ మా హాల్లోనే వేలాడుతోంది, మా మామగారు దాని కిందే కూర్చుని పేపరు చదువుతారు.

ఒకసారి పొందూరు వెళ్లి చూడండి. ఖద్దరు కోసం అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేస్తారు. పళ్లున్నా పలకని నోరు, అదీ ఆడదాని చేతిలో! నేనింకా దాన్ని గీయలేదు. మీరు ముందుగా గీస్తే నాకేమీ అభ్యంతరం లేదు, కింద వివరణ మాత్రం రాయకండి.