టర్బో సంగతి సరే, ముందు ఆయిల్ మూత తీసి చూశారా?

మీరు అడిగింది ఇది: ప్యూజో, సిట్రోయెన్ కార్లలో వచ్చే 1.2 ప్యూర్‌టెక్ టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉన్న 2017 మోడల్ కారు బేరానికొచ్చింది, 85,000 కిలోమీటర్లు తిరిగింది, టర్బో ఇంకెన్నాళ్లు వస్తుంది, కొనొచ్చా?

టర్బో గురించి బెంగ పెట్టుకోకండి. ఈ ఇంజిన్‌లో టర్బో తనంతట తాను చావదు, దాన్ని చంపేవి వేరే ఉన్నాయి. అసలు అడగాల్సింది బెల్ట్ గురించి, ఆయిల్ గురించి. టర్బో పెట్రోల్ అనగానే అందరి చూపూ ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఆ నత్తగుల్ల మీదికే పోతుంది. కొంప ముంచేది మాత్రం దానికి ఆయిల్ పంపే దారిలో కూర్చుని ఉంటుంది.

ఇంజిన్ కాగితం మీద చూస్తే ముచ్చటగానే ఉంటుంది. 1199 సీసీ, మూడు సిలిండర్లు, బోర్ 75 మి.మీ., స్ట్రోక్ 90.5 మి.మీ. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే 200 బార్ల ఒత్తిడితో కొడుతుంది. 110 హార్స్‌పవర్ రకంలో 1500 ఆర్‌పీఎం దగ్గరే 205 ఎన్ఎం టార్క్, 130 రకంలో 1750 దగ్గర 230 ఎన్ఎం. టర్బో గరిష్ఠంగా నిమిషానికి 2,40,000 చుట్లు తిరుగుతుంది. 2015 నుంచి 2018 వరకు వరుసగా నాలుగేళ్లు తన తరగతిలో ‘ఇంజిన్ ఆఫ్ ది ఇయర్’ అవార్డు కొట్టింది. అవార్డులిచ్చేవాళ్లు కొత్త ఇంజిన్‌ని నడిపి చూస్తారు, ఎనిమిదేళ్ల తర్వాత ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే సంపు, విప్పి చూడరు కదా!

ఇందులో టైమింగ్ బెల్ట్, అంటే పిస్టన్లు తిప్పే క్రాంక్‌కూ వాల్వులు తెరిచే క్యామ్‌లకూ లంకె వేసే రబ్బరు పట్టీ, పొడిగా బయట ఉండదు. ఇంజిన్ లోపలే, ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. రాపిడి తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది, మైలేజీ కాస్త పెరుగుతుంది అని అలా పెట్టారు. ఆయిల్ శుభ్రంగా ఉన్నంతకాలం ఆ లెక్క సరిపోతుంది. కానీ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. ఆవిరి కాని పెట్రోల్ సిలిండర్ గోడల మీదుగా రింగులు దాటి సంపులోకి జారుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి అరగంట నడిస్తే ఆ పెట్రోల్ ఆవిరై బయటికి పోతుంది. రోజూ రెండు, మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేసే కారులో మాత్రం పోదు, ఆయిల్‌లోనే పేరుకుంటుంది. పెట్రోల్ కలిసిన ఆయిల్‌లో రబ్బరు నానితే ముందు ఉబ్బుతుంది, తర్వాత పగుళ్లిస్తుంది, ఆ తర్వాత పొట్టు రాలుతుంది.

ఆ పొట్టు ఎక్కడికి పోతుందన్నదే అసలు కథ. కొంత కిందికి వెళ్లి సంపులో ఆయిల్ పీల్చే గొట్టం మూతికున్న జల్లెడకు అతుక్కుంటుంది. కొంత బ్రేకులకు వాక్యూమ్ ఇచ్చే పంపు దాకా చేరుతుంది. ఇంకొంత క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే వేళ) మార్చే సోలనాయిడ్ల, అంటే కరెంటుతో నడిచే ఆయిల్ వాల్వుల, చిన్న జాలీలలో ఇరుక్కుంటుంది. లక్షణాలు కూడా ఒక వరుసలో రావు. ఒక కారులో ముందు బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది, ఇంకో కారులో పీ0011 లాంటి క్యామ్ టైమింగ్ కోడ్‌తో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. సెన్సర్ పోయిందని సెన్సర్ మార్చేవాళ్లు, సోలనాయిడ్ మార్చేవాళ్లు, ఆఖరికి బ్రేక్ బూస్టర్ మార్చేవాళ్లు కూడా ఉన్నారు. సంపు విప్పే ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు. జల్లెడ ముప్పాతిక మూసుకుపోయాక మలుపులోనో, వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడో ఎర్ర ఆయిల్ లైటు మిణుక్కుమంటుంది. అప్పటికే టర్బో బేరింగు ఆయిల్ అందక అరగడం మొదలై ఉంటుంది. తర్వాత నీలం పొగ వస్తుంది. అది చూసి టర్బో పోయిందంటారు. జల్లెడ కడగకుండా కొత్త టర్బో బిగిస్తే అదీ అదే దారిన పోతుంది.

కాబట్టి కారు చూడ్డానికి వెళ్లినప్పుడు చేతిలో మంచి టార్చ్ ఉండాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ పోసే మూత తీయండి. ఈ ఇంజిన్‌లో ఆ కన్నంలోంచే బెల్ట్ వీపు కనిపిస్తుంది, అదొక్కటే ఇందులో పుణ్యం. బాగున్న బెల్ట్ వీపు మట్టసంగా, ఒకే రంగులో ఉంటుంది, అంచులు కత్తితో కోసినట్టుంటాయి. పోతున్న బెల్ట్ మీద అడ్డంగా వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి. అంచున దారాలు లేస్తాయి, వేలి కొసతో తడిమితే నల్లటి గుజ్జు అంటుతుంది. ఒక్క చోట చూసి వదిలేయకండి. స్పార్క్‌ప్లగ్గులు తీసి, క్రాంక్ బోల్టుకు సాకెట్ వేసి, ఇంజిన్ తిరిగే దిక్కులోనే చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ బెల్ట్ చుట్టూ చూడాలి. వెనక్కి తిప్పొద్దు. వెడల్పు కొలవడానికి కంపెనీ గేజ్ ఒకటుంటుంది. ఈ ఇంజిన్ తెలిసిన షెడ్డులో అది కచ్చితంగా ఉండాలి. నాలుగైదు చోట్ల బెల్ట్ ఆ గేజ్ సందులో దూరాలి. ఒక్క చోట దూరకపోయినా ఉబ్బినట్టే, మార్చాల్సిందే. పైకి బాగానే కనిపించి గేజ్‌లో పట్టని బెల్టులు బోలెడు.

మొదట్లో ఈ బెల్ట్ పదేళ్లు, లక్షన్నర పైచిలుకు కిలోమీటర్లు వస్తుందని రాశారు. తర్వాత గడువును ఆరేళ్లకో లక్ష కిలోమీటర్లకో, ఏది ముందైతే దానికి తగ్గించారు. మీరు చూస్తున్నది 2017 కారు. మీటర్ 85,000 చూపించినా వయసు లెక్కన గడువు ఎప్పుడో దాటింది. మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. “మార్చామండీ, కాగితం ఎక్కడో ఉంది” అనే మాటకు విలువ సున్నా. బెల్ట్ తెగినా పళ్లు ఊడినా వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. ఆ తర్వాత ఇంజిన్ బాగు చేయడమా మార్చడమా అన్న చర్చే మిగులుతుంది.

బెల్ట్ మార్చడమంటే బెల్ట్ ఒక్కటే తీసి వేయడం కాదు. క్రాంక్‌ను, రెండు క్యామ్‌లను లాకింగ్ పనిముట్లతో కదలకుండా పట్టాలి. పెయింటుతో గుర్తు పెట్టి పని కానిచ్చేస్తానంటే ఆ షెడ్డు నుంచి వచ్చేయండి. బెల్ట్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ కొత్తది, క్రాంక్ బోల్ట్ కొత్తది పడాలి. సంపు దించి జల్లెడ కడగాలి. వాక్యూమ్ పంపు వైపు జాలీని, సోలనాయిడ్ల జాలీలను చూడాలి. తిరిగి మూసేటప్పుడు సంపుకు సీలెంట్ సన్నటి తీగలా వేయాలి. పోగు పోసినట్టు పూస్తే లోపలికి పిండుకుని ఊడి, ఆ ముక్కే మళ్లీ అదే జల్లెడలో పడుతుంది. కొత్త బెల్ట్ వేసి పాత పొట్టును లోపలే వదిలేస్తే డబ్బు దండగ.

ఇక ఆయిల్. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. “5డబ్ల్యూ-30 అంటే ఏదైనా ఒకటేగా” అనేవాళ్లతో వాదించి లాభం లేదు. గ్రేడ్ అనేది చిక్కదనం మాత్రమే చెబుతుంది. బెల్ట్ రబ్బరుకు పడే ఆయిలా కాదా అన్నది డబ్బా వెనక ఉండే తయారీదారు అనుమతి నంబర్ చెబుతుంది. ఈ ఇంజిన్లకు 0డబ్ల్యూ-30 అయితే బీ71 2312 అని, 0డబ్ల్యూ-20 అయితే బీ71 2010 అని ఉంటుంది. మీ కారు హ్యాండ్‌బుక్‌లో ఏది రాస్తే అదే పోయండి. పట్టేది మూడున్నర లీటర్లకు అటూ ఇటూ, అంతే. అంత తక్కువ ఆయిల్‌ను 20,000, 25,000 కిలోమీటర్లు వాడమని సర్వీస్ పుస్తకాల్లో రాయడం సంస్థలకు వాహనాలు అప్పజెప్పే లీజు లెక్కల కోసం, ఇంజిన్ కోసం కాదు. 10,000 కిలోమీటర్లకో ఏడాదికో మార్చండి, పొట్టి తిరుగుళ్లే ఎక్కువైతే ఆరు నెలలకే. ఫ్లష్ అని డబ్బాలో పోసే ద్రావకాన్ని ఈ ఇంజిన్ దగ్గరికి రానివ్వొద్దు. మురికిని కరిగించే ద్రావకం రబ్బరును మాత్రం ముద్దు పెట్టుకుంటుందా?

డిప్‌స్టిక్ తీసినప్పుడు మట్టం ఒక్కటే చూడకండి, వాసన కూడా చూడండి. పెట్రోల్ వాసన గుప్పున కొట్టినా, పోయకుండానే మట్టం పెరిగినా ఆ ఆయిల్ పని అయిపోయినట్టే. మట్టం తరిగిపోతుంటే అది వేరే జబ్బు. ఈ ఇంజిన్లలో కొన్ని రింగుల వల్ల ఆయిల్ తాగుతాయి. నిండుగా పోసి గుర్తు పెట్టి, వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఎంత తగ్గిందో చూడాలి. అర లీటర్ దాటితే ఆ కారు వదిలేయండి. బెల్ట్ తొందరగా పాడవడానికి, ఆయిల్ ఎక్కువ తాగడానికి కలిపి 2024లో ఈ ఇంజిన్ తయారుచేసే స్టెలాంటిస్ (ప్యూజో, సిట్రోయెన్ల మాతృసంస్థ) యూరప్‌లో వారంటీని పదేళ్లు లేదా 1,75,000 కిలోమీటర్ల దాకా పెంచింది, సర్వీసులు సక్రమంగా చేయించిన రికార్డు ఉండాలన్న షరతుతో. ఆ కాగితాలున్న కారుకూ లేని కారుకూ తేడా అక్కడే ఉంది.

వాల్వుల మీద మసి గడ్డకట్టడం డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో చాలావాటికి ఉన్నదే. పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వు మీద పడదు కాబట్టి దాన్ని కడిగే దిక్కుండదు. చల్లటి ఇంజిన్ తడబడుతూ స్టార్టయి, వేడెక్కాక సర్దుకుంటే దాన్నే అనుమానించండి. గాలి లోపలికి తెచ్చే మానిఫోల్డ్ విప్పి వాల్‌నట్ పెంకుల పొడితో కొట్టిస్తే పోతుంది. ట్యాంకులో పోసే సీసా మందు ఆ వాల్వుల దాకా చేరనే చేరదు.

నడిపేటప్పుడు పెద్ద గేరులో 1500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ నేలకు తొక్కకండి. చిన్న టర్బో ఇంజిన్లలో ఆ పరిస్థితిలో మిశ్రమం ప్లగ్గు వెలిగించకముందే అంటుకుంటుంది, పిస్టన్ మెట్టు (రింగుల మధ్య ఉండే గట్టు) విరగ్గొట్టగల దెబ్బ అది. ఒక గేరు తగ్గించి తొక్కితే చాలు. ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి ఎస్‌పీ వర్గం ఆయిల్‌ను 2020లో తెచ్చినప్పుడు దీన్ని అడ్డుకునే పరీక్ష కూడా అందులో పెట్టారు, పై అనుమతి నంబర్‌తో పాటు అదీ ఉంటే మంచిదే.

ఇంకో మాట. 2023లో వచ్చిన 48 వోల్టుల హైబ్రిడ్ 136 హార్స్‌పవర్ రకంలో ఈ బెల్ట్ తీసేసి చైన్ పెట్టారు. బడ్జెట్ అందితే అటు చూడండి. మీ 2017 కారైతే బేరం ఆడేముందే బెల్ట్, టెన్షనర్, సంపు శుభ్రం మొత్తం పనికి ఎంతవుతుందో షెడ్డులో రాయించుకుని, బిల్లు చూపించలేకపోతే ఆ మొత్తం ధరలో తగ్గించమనండి. తగ్గించనంటే ఇంకో కారు చూసుకోండి. టెస్ట్ డ్రైవ్‌లో ఇంజిన్ బాగా వేడెక్కాక పార్క్ చేసి, ఐడిల్‌లో బ్రేక్ పెడల్‌ను వరుసగా నాలుగైదుసార్లు నొక్కి చూడండి. ప్రతిసారీ ఒకేలా మెత్తగా దిగాలి, రెండోసారికో మూడోసారికో రాయిలా ఆగితే తాళాలు ఇచ్చేసి వచ్చేయండి.