మంచు తోసే ప్లౌ: అరుగుదల, విరుగుదల

ప్రశ్న: మేము అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో చిన్న మోటల్ నడుపుతున్నాము. పార్కింగ్ స్థలంలో మంచు తీయడానికి మా పికప్ ట్రక్కుకు ఏడున్నర అడుగుల ప్లౌ బిగించుకున్నాము. పోయిన చలికాలంలో దాని కింది అంచు ఒకవైపే అరిగిపోయింది, ఒక స్ప్రింగు తెగింది, బాగా మంచు పడిన రాత్రి బ్లేడు పైకి లేవలేదు. ఈసారి ముందుగా ఏమేం చూసుకోవాలి? — ఒక పాఠకుడు

జవాబు: మీరు చెప్పిన మూడింటిలో మొదటిదాన్నే నేను అన్నిటికంటే ముఖ్యంగా చూస్తాను. బ్లేడు అడుగున బోల్టులతో బిగించే ఉక్కు పట్టీని, అంటే కటింగ్ ఎడ్జ్‌ను, అరగడానికే తయారుచేస్తారు. మన నాగలికి కర్రు ఎలాంటిదో ప్లౌకు ఇది అలాంటిది. కర్రు మొద్దుబారితే కొలిమికి పంపిస్తాము గానీ నాగలి దుంపను నేలకు రాసుకోనివ్వము కదా. ఆ పట్టీ పూర్తిగా అరిగి, దాని వెనుకనున్న మోల్డ్‌బోర్డు, అంటే మంచును తోసే వంపు రేకు, అడుగు రోడ్డుకు తగలడం మొదలైతే, పట్టీ ధరతో పోయే పని కాస్తా వెల్డింగుల దాకా వెళ్తుంది. అందుచేత చలికాలం మొదలుకాక ముందే పట్టీ ఎత్తును రెండు చివరలా, మధ్యలోనూ కొలిచి రాసిపెట్టుకోండి. చాలా రకాల పట్టీలను ఒక అంచు అరిగాక తిరగేసి బిగించవచ్చు, కానీ అప్పుడు పాత బోల్టులనే వాడకండి. కొత్తవి బిగించి కొన్ని గంటలు పనిచేశాక మళ్ళీ ఒకసారి బిగింపు చూడండి, ఎందుకంటే వదులైన బోల్టు వల్ల రంధ్రాలు సాగి, పట్టీ కదలడం మొదలవుతుంది.

ఒకవైపే అరగడానికి సాధారణంగా కారణం పట్టీలో ఉండదు. ప్లౌను ట్రక్కుకు కలిపే ఫ్రేము నేలకు సమాంతరంగా లేకపోతే, బ్లేడును పక్కకు తిప్పినప్పుడు ఒక మూల నేలలోకి దిగి రెండో మూల తేలుతుంది. టైర్లలో గాలి, బ్లేడుకు రెండు వైపులా నేలమీద ఆనే షూల (పాదాల) ఎత్తు, ఫ్రేము వంగిందేమో చూడండి. ఎప్పుడూ ఒకేవైపుకు తిప్పి తోసే అలవాటు ఉన్నా ఇదే జరుగుతుంది.

బ్లేడు దేనికైనా తగిలినప్పుడు ముందుకు వాలి ఆ దెబ్బను తీసుకునేందుకే స్ప్రింగులు ఉన్నాయి. వాటిని మరీ గట్టిగా బిగిస్తే బ్లేడు వాలదు, దెబ్బ ఫ్రేముకూ ట్రక్కుకూ పోతుంది; వదులుగా ఉంటే మంచు బరువుకే వాలిపోతుంది. బిగింపు ఎంతుండాలో ప్లౌతో వచ్చిన పుస్తకం ప్రకారమే పెట్టండి. లాగి ఉన్న స్ప్రింగును విప్పడం ప్రమాదకరం, కాబట్టి ఆ పని తెలిసినవారికే వదిలేయండి. కాలిబాట అంచులకూ మ్యాన్‌హోల్ మూతలకూ పక్కన మంచు పడకముందే గుర్తు కర్రలు పాతి, తోసేటప్పుడు గంటకు 10 మైళ్ళ లోపే నడిపితే స్ప్రింగులు తెగే సందర్భాలే చాలా తగ్గుతాయి.

ఇక లేవకపోవడం. బ్లేడును పైకి లేపేది పంపు ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ ఆయిల్; అందులో నీరు చేరితే చలికి గడ్డకట్టి దారులు మూసుకుపోతాయి. ఆయిల్ పాలలా కనిపిస్తే అది నీరే. చలికాలం ముగియగానే ఆయిల్ మార్చడం మంచిది, అప్పుడు నీళ్ళు కలిసిన ఆయిల్ వేసవంతా పంపులో నిలవ ఉండదు. బ్యాటరీ బలహీనపడినా, కరెంటు వైర్ల ప్లగ్గులు ఉప్పు తడికి పచ్చగా తుప్పు పట్టినా బ్లేడు అలాగే మొరాయిస్తుంది. వాడిన ప్రతిసారీ ఉప్పును కడిగేసి, బ్లేడును నేలమీదకు దించాకే ట్రక్కును నిలపండి. పైకెత్తిన బ్లేడు కింద చెయ్యి పెట్టి ఏ పనీ చేయకండి.

ప్రశ్న: కార్బైడ్ పట్టీ వేయిస్తే ఇంక మార్చనక్కరలేదంటున్నారు. నిజమేనా? — మరొక పాఠకురాలు

జవాబు: అది మామూలు ఉక్కు కంటే చాలా ఎక్కువ కాలం వస్తుంది, కానీ ఎన్నడూ మార్చకుండా ఉండలేరు. టంగ్‌స్టన్ కార్బైడ్ ఎంత గట్టిదో అంత పెళుసు. పొడవాటి రహదారుల మీద రాణిస్తుంది గానీ, మంచు కింద దాగిన అంచులున్న చిన్న పార్కింగ్ స్థలంలో పెచ్చులు లేస్తుంది. ఇటుకలు పరిచిన ముంగిలిలో రబ్బరు అంచు నేలను కాపాడుతుంది, అయితే గడ్డకట్టిన మంచును గీకలేదు.