తోలు బూట్లు కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆఫీసు కోసం కొన్న నల్ల తోలు బూట్లకు ఏ పాలిష్ మంచిదని అడిగావు. పాలిష్ సంగతి తర్వాత. నువ్వుండేది విశాఖలో. అక్కడ బూట్లకు దుమ్ము కన్నా తేమతోనే ఎక్కువ చేటు.

తంగేడు చెక్కతో పదును చేసిన తోలైనా, క్రోమియం ఉప్పుతో చేసిందైనా చివర్లో నూనె పట్టిస్తారు. తోలు మెత్తగా వంగేది ఆ నూనె వల్లే. రోజంతా తొడిగితే లోపలి అస్తరు చెమట పీల్చుకుంటుంది, అది ఆరడానికి ఒక రోజు పడుతుంది. అందుకే ఒకే జత వరసగా రోజూ వేయకు, రెండు జతలు మార్చి మార్చి వాడు. సాయంత్రం విప్పగానే మూసిన రాక్‌లో పెట్టేయకు. లేసులు వదులు చేసి, నాలుక పైకెత్తి, రాత్రంతా గాలికి వదిలెయ్.

వానలో తడిసి వస్తే బురద తుడిచి, న్యూస్‌పేపరు ఉండలు చుట్టి లోపల నింపు. అస్తరు లేత రంగుదైతే సిరా అంటుతుంది, దానికి తెల్ల కాగితం వాడు. గంట తర్వాత ఒకసారి, పడుకునే ముందు మరోసారి కాగితం మార్చు. బూటును పక్కకు వాల్చి ఫ్యాను కింద పెడితే అడుగు కూడా ఆరుతుంది. రెండు రోజులు పట్టినా సరే, ఎండలో మాత్రం పెట్టకు. పొయ్యి దగ్గరా వద్దు, హెయిర్ డ్రయ్యరూ వద్దు. తడి తోలుకు వేడి తగిలితే ముడుచుకుపోయి గట్టిపడుతుంది. తర్వాత నడుస్తుంటే వేళ్ల దగ్గర వంగే చోట పగులుతుంది. ఆ పగులును ఏ పాలిషూ అతకదు.

ఇక పాలిష్. రోజూ బ్రష్‌తో దులిపితే చాలు, పాలిష్ రెండు మూడు వారాలకోసారి వెయ్యి. లేసులు తీసి, పైతోలు అడుగుతో కలిసే కుట్టు వెంబడి ముందు దులుపు, ఇసుక చేరేది అక్కడే. తడి పిండిన గుడ్డతో తుడిచి పది నిమిషాలు ఆరనివ్వు. ఒక్కో బూటుకు శనగగింజంత షూ క్రీమ్ గుడ్డకు తీసుకుని గుండ్రంగా రుద్ది, మరో పది నిమిషాలాగి గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో మెరుగు పెట్టు. డబ్బాలో దొరికే మైనం పాలిష్ ముక్కుకూ మడమకూ పల్చగా వేస్తే చాలు. మైనం వంగదు, వేళ్ల దగ్గర మందంగా పూస్తే తెల్లగా పొట్టు లేస్తుంది. గోధుమరంగు జతకు వేరే బ్రష్ ఉంచుకో.

స్పాంజి ఉన్న ద్రవం సీసా అలవాటు చేసుకోకు. అది తోలు మీద పొరలా పేరుకుని తర్వాత చిట్లుతుంది. కొబ్బరినూనె రాయమని ఎవరైనా చెబుతారు, వినకు. తోలు సాగిపోతుంది, దుమ్ము అంటుకుంటుంది, ఆ జిడ్డు మీద పాలిష్ నిలవదు.

వానాకాలంలో బూజు పట్టిందనుకో, ఇంట్లో దులపకు, మిగతా జతలకూ పాకుతుంది. బయట పొడిగుడ్డతో తుడిచి, వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డ ముంచి, గట్టిగా పిండి, లోపలా బయటా తుడువు. నీడలో ఒక రోజు ఆరాక క్రీమ్ వెయ్యి. చెమట వల్ల తెల్లగా కట్టే ఉప్పు చారలకూ ఇదే మందు. దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, నూలు సంచిలో పెట్టి తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వెయ్యి. పైన మెత్తటి నూగు ఉండే స్వెడ్ తోలు బూట్లకు మాత్రం ఈ క్రీములూ మైనాలూ తగలనివ్వకు, నూగు అణిగిపోతుంది.

షూహార్న్, అంటే మడమ సులువుగా జారేలా వెనక పెట్టే పొడవాటి చెంచా లాంటిది, లేకుండా బూటు తొడగకు, మడమ వెనక గట్టి భాగం ఒకసారి నలిగితే మళ్లీ నిలబడదు. మడమ కింది రబ్బరు బయటి అంచున అరుగుతుంది. రెండు మూడు మిల్లీమీటర్లు మిగిలి ఉండగానే మార్పించు. మడమ దిమ్మె కూడా అరిగిందంటే ఖర్చు పెరుగుతుంది.

నీ జత అడుగు పాలీయురెథేన్ అనే తేలికపాటి ప్లాస్టిక్ నురుగుదేమో చూసుకో. అదే అయితే పెళ్లిళ్లకని ఏళ్ల తరబడి దాచకు. గాలిలోని తేమకే అది లోపల్లోపల చెడి, ఒక రోజు తొడిగి నడిస్తే ముక్కలై రాలుతుంది. పైతోలు ఎంత మెరుస్తున్నా సరే.

ఈ ఆదివారం రెండు బ్రష్‌లు, ఒక నల్ల క్రీమ్, ఒక షూహార్న్ కొను. కొత్త జతే అయినా మొదటిసారి తొడిగే ముందే ఒక పూత వెయ్యి.

మామయ్య